కట్టుతాడు

క్లాక్స్‌విక్ రేవు ఆఫీసు, రాత్రి పదకొండున్నర.
కిటికీ అవతల వాన అడ్డంగా పడుతోంది.
ఈ దీవుల్లో వాన నిలువుగా పడిన రోజు నాకు గుర్తులేదు.
మూడు పడవల రాక రాయాలి,
తెల్లారేలోగా ఆటుపోట్ల పట్టిక తీయాలి.
రెండు పెద్ద తెరలూ నల్లగా
అలిగి గోడవైపు తిరిగి పడుకున్నాయి.

డాక్ మీద చిన్న దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.
లాప్‌టాప్‌కి కరెంటు ఎక్కుతూనే ఉంది,
డెబ్బై రెండు శాతం, డెబ్బై మూడు.
అన్నం పెడుతుంది, పలకరించదు.
ఇలాంటి ఇంట్లో కొన్నాళ్లున్నాను నేను.
ఆ సంగతి వదిలేద్దాం.

మొదట కేబుల్‌ని అనుమానించాను.
చేతికందేది అదే, ఎదురు చెప్పనిదీ అదే.
తీసి, ఊది, తిప్పి పెట్టాను.
టైప్-సీకి తలకిందులన్నది లేదని తెలుసు,
అయినా తిప్పాను.
డాక్ ప్లగ్గు పీకి ముప్పై లెక్కపెట్టాను,
పదిహేడు దగ్గర రేడియోలో ఎవరో పిలిస్తే
మళ్లీ ఒకటి నుంచి.
పాత కెర్నల్‌తో లేపి చూశాను.
పాతదీ కొత్తదీ ఒకే గూటి మౌనం.
పగటి డ్యూటీ టోకికి ఫోన్ చేస్తే
నిద్రలోనే నవ్వి, "విండోస్ వేసుకోమన్నానా లేదా" అన్నాడు.
ఫోన్ పెట్టేశాను.

అప్పుడు తెరిచాను డీమెసేజ్,
యంత్రం తనలో తాను గొణుక్కునేదంతా.
వందల వరసల నడుమ
డాక్ పేరు, చేసినవాళ్ల పేరు,
ఒక్క అక్షరం పొల్లుపోకుండా.
అంటే చూసింది!
నేను కేబుల్ గుచ్చిన ప్రతిసారీ, సెకనుతో సహా రాసుకుంది.
మరి ఎల్‌ఎస్‌యూఎస్‌బీలో మౌసు లేదేం, కీబోర్డు లేదేం?
బోల్ట్‌ని అడిగాను.
స్థితి: కనెక్టెడ్, అంది.
ఆ ఒక్క మాట ముందు
చల్లారిన కాఫీతో పావుగంట కూర్చున్నాను.

బౌర్దుర్ వచ్చాడు తడి టోపీ దులుపుకుంటూ.
ముప్పై ఏళ్లు ఓడలకు దారి చూపినవాడు,
రిటైరయ్యాక మా హీటరుకీ మా బిస్కెట్లకీ అలవాటుపడ్డాడు.
నా తెరల వంక చూడనైనా లేదు.
కిటికీలోంచి కింది ట్రాలర్‌ని చూసి తిట్టడం మొదలెట్టాడు:
"గోడకి ఆనుకునే ఉంది రన్వా, ఇరవై నిమిషాలుగా!
తాడు విసిరారు వాళ్లు.
అందుకోవాల్సిన మీ కుర్రాడేడీ?
కట్టకపోతే అది వచ్చినట్టా?"

నేను మళ్లీ చదివాను.
కనెక్టెడ్ అనే ఉంది. ఆథరైజ్డ్ అని లేదు.
పోయిన మంగళవారం బయోస్ అప్‌డేట్,
అడిగిన ప్రతిదానికీ చదవకుండా ఎంటర్ కొట్టింది నేనే.
ఆ రోజు నుంచి ఇది
వచ్చినవాణ్ని వాకిట్లో నిలబెట్టి,
పేరు రాసుకుని, మంచినీళ్లిచ్చి,
లోపలికి రమ్మనడానికి నా వైపు చూస్తోంది.
నేనేమో కేబుల్ మెడ పిసుకుతున్నాను.

ఎన్‌రోల్ అని కొట్టి
పొడుగాటి నంబరు, కూడబలుక్కుంటూ.
పాస్‌వర్డ్. ఒకసారి తప్పు. మళ్లీ.
మౌసు కడుపులో ఎర్రదీపం.
ఎడమ తెర రెప్ప కొట్టింది, తర్వాత కుడిది,
ఆటుపోట్లు నీలంగా బల్లంతా పరుచుకున్నాయి.
"కళ్లు పోతాయి, తగ్గించు" అన్నాడు బౌర్దుర్,
ఆఖరి బిస్కెట్ తీసుకుంటూ.

నెట్ మాత్రం ఇప్పటికీ నలభై నిమిషాలకోసారి పోతుంది.
ఎందుకో తెలియలేదు.
"లాన్ వైరు తీసి పెట్టు" అని చీటీ రాసి డాక్‌కి అంటించాను.
దాని కింద టోకి ఏం రాశాడో
మీరు ఊహించగలరు.

ఆ రాత్రి పుస్తకంలో నా చేతిరాత:
ట్రాలర్ చేరింది, పదకొండు నలభై.
కట్టింది, పన్నెండు ఇరవై.
అంతకుముందు ఆ రెండింటికీ
ఒకే గడి ఉండేది.
గీత గీసి రెండు చేసింది నేనే.