ఊకొట్టేవాడు

మా కఖేతీలో మగవాడికి నోరు పెగలాలంటే
ముందు చేతిలోకి కొమ్ము రావాలి.
మేకపోతు కొమ్ము నిండా నల్లద్రాక్ష వైన్ పొయ్యాలి,
బల్లకు ఆ చివర నుంచి విందు పెద్ద, తమదా,
పేరు పెట్టి పిలవాలి.
అప్పుడిక లేచి ఎంత మాటైనా అనొచ్చు.
అమ్మ గురించి, పోయినవాళ్ళ గురించి,
పక్కన కూర్చున్నవాడి గురించి,
"వీడు లేకపోతే నేను లేను" అని కూడా.
తాగి కూర్చున్నాక
ఆ మాట ఎవరిదని ఎవరూ అడగరు.

జుంబేర్ మా అందరిలోకీ మాటకారి.
తెలావీ నుంచి త్బిలిసీకి వ్యాను తోలుతూ
పగలంతా స్టీరింగుతో తప్ప మాట్లాడడు,
రాత్రి బల్ల దగ్గర గోడల్ని ఏడిపించేవాడు.
తమ్ముడు గెలా పోయిన రోజున
పదకొండు సార్లు లేచాడు, పదకొండు సార్లు మాట్లాడాడు.
కన్ను తడవలేదు.
"మగాడంటే వాడూ" అన్నారు పెద్దవాళ్ళు.
నేనూ అన్నాను.
ఆ పాపంలో నా వాటా నాకుంది.

ఫిబ్రవరిలో డాక్టరమ్మ నానులీ
కాలేయం ఫోటో వెలుతురుకు పట్టి
ఇంక చుక్క ముట్టొద్దంది.
ముట్టలేదు.
కొమ్ముతో పాటు మాటనీ గోడకు తగిలించేశాడు.
నీళ్ళ గ్లాసెత్తి మాట్లాడితే అపశకునం మాకు.
బల్ల దగ్గరికి రావడమే మానేశాడు.

గోంబోరి కనుమ మలుపులో
ఖాళీ బండి ఆపుకుని
గంటసేపు కూర్చున్నాడని పాలవాడు చెప్పాడు.
నేను పరుగున వెళ్ళి అడిగిందేమిటి?
"క్లచ్చు బాగుందా?"
"బాగుంది."
అంతే. ముప్పయ్యేళ్ళ స్నేహం
క్లచ్చు దాటి లోపలికి ఒక్క అడుగు వెయ్యలేకపోయింది.

సెప్టెంబరు. కోతకు వారం ముందు.
పెరట్లో మెడదాకా పాతిన క్వెవ్రీ,
మనిషి నిలువుకు మించిన మట్టి కాగు,
కడగాలి.
నా పొట్ట ఆ మూతిలో పట్టదని ఏటా నా సాకు.
జుంబేర్ చిక్కిపోయి ఉన్నాడు, దిగాడు.
చెర్రీ బెరడు కుచ్చు, బకెట్టు.

అడుగున పాత ఆవిరి నిలిచి ఉంటే
మనిషి చప్పుడు చెయ్యకుండా పోతాడు.
అందుకని ఒక కట్టుబాటు:
దిగినవాడు నోరు మూయకూడదు,
పైనున్నవాడు చెవి తియ్యకూడదు.

"మాట్లాడుతుండరా."
"ఏం మాట్లాడను?"
"ఏదో ఒకటి. ఊపిరుందని నాకు తెలియాలిగా."

కాసేపు డీజిలు ధర చెప్పాడు.
కాసేపు అల్లుడు కొన్న పాత ట్రాక్టరు.
బెరడు గోడకు రాసుకుంటున్న చప్పుడు.
తర్వాత అదే గొంతుతో, ధర చెప్పినట్టే,
"గెలా చొక్కా ఇంకా ఉతకలేదు, బద్రీ.
వ్యాన్లో సీటు కింద ఉంది.
వాసన ఎప్పుడో పోయింది. అయినా."

మూతి మీదికి వంగాను.
నడినెత్తి, తడి మోచెయ్యి. ముఖం కనపడలేదు.
కనపడకపోవడమే ఇద్దరికీ నయమనిపించింది.
ఏమనాలో తెలియలేదు నాకు,
చేతిలో కొమ్ము లేదు, పిలిచే తమదా లేడు.
"ఊఁ" అన్నాను.

"ఆ మలుపు దగ్గర,
రోడ్డు తిరిగినా నేను తిరగకపోతే ఏం పోయిందనిపించింది."

"ఊఁ."
నా గొంతు కాగులో పడి, తిరిగి నా దగ్గరికే వచ్చింది,
ఎవరో పరాయివాడిదిలా.

కుచ్చు ఆగింది.
చాలాసేపు ఆగింది.
"ఉన్నావా పైన?" అన్నాడు వాడు.
"ఉన్నాను. ఇక్కడే ఉన్నాను."

పైకొచ్చాడు. తువ్వాలు ఇచ్చాను.
ముఖం వైపు చూడలేదు.
లేదు, అబద్ధం, చూశాను.
కాగు అద్దంలా ఉంది.
"ఆ అడుగు మూల సరిగ్గా రాలేదురా" అన్నాను.
గుండ్రటి కాగుకు మూలేమిటని వాడు అడగలేదు.

చొక్కా విప్పి, పొట్ట బిగబట్టి,
భుజాలు గీరుకుపోతుంటే దిగాను.
చల్లగా ఉంది లోపల. చీకటి.
వెలుతురు చక్రంలోకి వాడి తల వంగింది.

"మాట్లాడుతుండు" అన్నాడు.