ఎస్పీ రోడ్డులో బేరం

ముదస్సిర్ దుకాణంలో లాప్‌టాప్ మూత తెరిచి
ముందు చెవి ఆనించాను.
"తెర చూడండి సార్, అద్దంలా ఉంది" అంటాడు.
నాకు లోపలి ఫ్యాను ఊపిరి కావాలి.

కళ్లు మూసుకుని కంట్రోలర్ చక్రం తిప్పాను.
చీకట్లో, చెమట వేళ్లతో తిప్పేది నేనే కదా.
ఎడమ ఫేడరు కాస్త ఇసుక నమిలింది.
పక్కన పెట్టేశాను.

పోయిన మాఘంలో హోస్కోటె రిసెప్షన్.
పాట మధ్యలో పాత లాప్‌టాప్ బిగుసుకుపోయింది.
నాలుగొందల మంది, ఎత్తిన కాలు ఎత్తినట్టే.
తెర మీద చిన్న సున్నా తిరుగుతోంది, తిరుగుతోంది.
పెళ్లికొడుకు మేనమామ నా వైపే వస్తున్నాడు.
అప్పుడు, ప్లాస్టిక్ కుర్చీలో ఒక ముసలావిడ
చప్పట్లు కొడుతూనే ఉంది, అదే లయలో,
పాట ఆగిందని తనకెవరూ చెప్పనట్టు.
ఒక్కొక్కరే కాళ్లు దించారు
ఆమె తాళం మీదికి.

పదహారు జీబీ ర్యామ్, కొత్త డిస్కు,
సౌండ్ కార్డు ఒకటి కాదు, రెండు.
మారు కేబుళ్లు కూడా కట్టించాను.
"ఇంత భయమా సార్?" నవ్వాడు ముదస్సిర్.

బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నాను.
ఆ రోజు ఆవిడ పేరు అడగనే లేదు.
బయట ఓబులేసు ఓమ్నీ తలుపు తీసి
హారన్ కొడుతున్నాడు,
రెండేసి, రెండేసి.