బాకీ

తాంపెరేలో మూడింటికే పొద్దుగుంకింది.
హిల్లెవి లాగ్ తెరిచి చూస్తోంది:
వాల్పరైసో నుంచి ఒకడు,
"రేవులో క్రేన్ నడుపుతాను" అని పేరు కింద రాసుకున్నవాడు,
మంచు డ్రాగన్‌ని నాలుగు వందల పదకొండుసార్లు చంపాడు.
నీలం ఈక ఒక్కసారీ రాలలేదు.

నూటికి ఒకటి. లెక్క తప్పు కాదు.
ఆ లెక్క వేసింది తనే,
కాఫీ చల్లారేలోపు.

పాచికకు జ్ఞాపకం ఉండదు.
ఓడినవాడికి ఉంటుంది.

పక్క బల్ల మీంచి యాల్మరి:
"దొరకదు కాబట్టే దానికి విలువ.
తొందరున్నవాడికి దుకాణం ఉందిగా."
దుకాణంలో అదే ఈక, పద్నాలుగు యూరోలు.
అక్కడ మాత్రం పాచిక లేదు.

హిల్లెవి ఏమీ అనలేదు.
కోడ్‌లో ఒక్క వరుస చేర్చింది:
వట్టి చేతులతో వెనుదిరిగిన ప్రతిసారీ
పెట్టె ఆ మనిషికి కాస్త బాకీ పడుతుంది.
నూట యాభైకి తీర్చాల్సిందే.

అర్ధరాత్రి అప్‌డేట్ వెళ్ళింది.
ఇప్పుడు గుహలో డ్రాగన్
ఈక రాల్చడానికి సిద్ధంగా నిలబడి ఉంది.

అతని పేరు పక్కన బూడిదరంగు చుక్క.
చివరిగా వచ్చింది పంతొమ్మిది రోజుల కిందట.

హిల్లెవి కోటు వేసుకుంది.
విప్పింది.
మళ్ళీ రిఫ్రెష్ నొక్కింది.