అపహరించితిని

కాయితం మీరే సదివిన్రు రైటర్ సారు,
కామా కామాకు ఊపిరి తీస్కుంట:

"నేను, ఊశన్న, తండ్రి కుర్మయ్య, వయస్సు ముప్పై నాలుగు,
వృత్తి మోటారు వైండింగు,
పదకొండవ తేది రాత్రి సుమారు రెండు గంటల వేళ
ట్రాన్స్‌ఫార్మరు పగులగొట్టి
అందలి రాగితీగను అపహరించితిని.
ఎవరి బలవంతమును లేక, నా ఇష్టపూర్వకముగా
ఒప్పుకొనుచున్నాను."

నాకు నవ్వొచ్చింది.
రెండు దినాలాయె నవ్వక. పెదివి పగిలి ఉండె,
గయినా వొచ్చింది.
మా వంగూరు దిక్కు "అపహరించితిని" అన్నోడు
దొంగలల్ల గూడ లేడు సారు.
ఎత్కపోయిన్రంటం, లేపిన్రంటం,
మా అవ్వయితే సంకల వెట్టుకపాయె అంటది.
గీ తిని యాడికెళ్లొచ్చె?
తిన్నదంటే నాకెరికె:
బుధారం రాత్రి ఒక అరటిపండు,
బేస్తారం అరికాళ్ల మీద ఇరవై మూడు,
ఆపైన లెక్క తప్పింది.

పోయిన ట్రాన్స్‌ఫార్మరు కిందనే
నా ఎకరంన్నర పల్లిచేను ఎండుతుంది.
గది రాయలే మీరు.
రాగి చుట్టేటోని చేతికి రాగి వాసనుంటది,
గదొక్కటే సాక్ష్యం.
కాలిన మోటరు ముక్కుకాడ వెట్టుకుంటే
యాడ షార్టయిందో చెప్త నేను.
మీ కాయితం గూడ గట్లనే వాసనొచ్చె.

బయట మెట్లమీద మా అక్క ఈదమ్మ.
లోపటికి రానియ్యరు, పొమ్మంటే పోదు.
"ఎందుకు తెచ్చిన్రో, ఎప్పుడు తెచ్చిన్రో
రాసియ్యుండ్రి" అన్నదట.
ఉపాధి పనికాడ మేటు ఆమె,
గడ్డపార మోసినోళ్ల పేర్లు రాసే చెయ్యి.
చెర్వు పనికాడ చెట్టు కింద కూసోవెట్టి
షాహెదా వకీలమ్మ చెప్పింది గీ మాటలే:
పోలీసు ముంగట ఒప్పుకుంటే అది కోర్టుల ఒప్పుకున్నట్టు కాదు.
నీ మీద నిన్నే సాక్షి నిలవెట్టనీకె
సర్కారుకు గూడ అధికారం లేదు.
ఇరవై నాలుగు గంటలల్ల మేజిస్ట్రేటు ముంగట ఉండాలె.
గని "సొమ్ము గిన్నే చూపెట్టిండు" అని రాస్తే
దొరికిన సొమ్ముకు లెక్కుంటది, పైలం.
సదవనిదాని మీద, తెల్లదాని మీద
సంతకం వెట్టకుండ్రి.

నేను గప్పుడు
సెల్లుల కబడ్డీ చూస్తున్న.

దాసుడెందుకు. ఒకటి వెట్టిన సారు,
రెండోరాత్రి, మూడుగొట్టంగ.
తెల్ల కాయితం, కింద మూలకు.
పెన్ను మీరే పట్టిచ్చిన్రు,
వేళ్లు మడ్తవడకుండె.
హక్కు అంటే ఏందో గా రాత్రి తెలిసింది:
గుర్తుకొచ్చినంక గూడ
నోట్లెకెళ్లి బయటికి రానిది.

శుక్కురారం పగటాల్ల కోర్టు.
మీ రికార్డుల నన్ను పట్టింది ఆ పొద్దుగాల్ల ఆరింటికి,
బస్టాండు కాడ, అనుమానంగ తిరుగుతుంటే.
ఈదక్క సంచిలకెళ్లి మస్టరు కాయితం తీసింది.
మట్టిమరకలు, వేలిముద్రలు,
వెనకదిక్కు బాల్‌పెన్నుతోని:
"బుధవారం సాయంత్రం 5.40. తమ్మున్ని తీస్కపోయిన్రు.
తెల్ల బొలేరో. ముగ్గురు. అన్నం తినలే."
వకీలమ్మ దాన్ని రెండు చేతులతోని పట్టుకుంది,
తడిసిన పటం పట్టుకున్నట్టు.

మేజిస్ట్రేటమ్మ అడిగింది,
"పోలీసులు ఏమన్నా అన్నారా?"
నా పక్కనే మీ కానిస్టేబులు బూట్లు.
మీద ఫ్యాను బేరింగు పోయింది,
కిర్రు... కిర్రు...
ఎంతసేపు విన్ననో గది.
ఆమె ఆగింది. మళ్ల అడగలే, తొందర వెట్టలే.
బూట్లను బయటికి పొమ్మన్నది.

కొట్టిన్రు, అన్న.

టైపు చేసే పిల్ల తలెత్తకుండనే
"పోలీసు వారు నన్ను కొట్టియుండిరి" అని గొణిగింది.
గప్పుడొచ్చింది సారు నాకు నోరు,
గా రెండు దినాలు యాడ వోయిందో గది:
అట్ల గాదమ్మా.
నేనెట్ల అన్ననో గట్లనే కొట్టు.

మేజిస్ట్రేటమ్మ కండ్లద్దాల మీదికెళ్లి చూసి
"ఆయన అన్నట్టే" అన్నది.

ఫ్యాను కిర్రుమంటనే ఉంది.
పిల్ల ఒక్కొక్కటే వెతుక్కుంట కొట్టింది
మూడచ్చరాలు.