అరువు ముక్కు

ధర్మాబాదు మిర్చి గంజ్‌లో
ముప్పై ఒక్క ఏళ్లుగా కాంటాలు బాగు చేస్తున్నాను.
ముక్కు ఎప్పుడు పోయిందో తెలియదు.
పన్ను ఊడితే తెలుస్తుంది, చెప్పు తెగితే తెలుస్తుంది.
ఇది మాత్రం చెప్పకుండా పోయింది.
"పాలు మాడినయ్, తెలుస్తలేదా?" అని సాయవ్వ
వాకిట్లోంచి ఉరికొచ్చిన రోజు
నేను పొయ్యి పక్కనే కూచుని
పేపరు చదువుతున్నాను.

మొన్న కర్ఖేలి దారి నుంచి పిలుపు.
వైజనాథ్ హంబర్డే అనే కుర్రవాడు
నేరేడు పళ్లతో వైన్ చేస్తాడట.
పళ్లు తూచే కాంటా అబద్ధం చెబుతోందట.

వెళ్తే అది తోటా కాదు, కార్ఖానా కాదు.
ఒకప్పటి పత్తి గోదాము.
రేకుల కప్పు, కిటికీకి తడిపిన గోనె.
లోపల నాలుగు స్టీలు డ్రమ్ములు,
మూతబడ్డ పాలకేంద్రం వేలంలో కొన్నవి.
ఒక్కోదాని మెడలో ఒక పలక,
పలక మీద సుద్దతో తేదీ.
"ఇది ఈ మిరుగు నాటి పండు"
తొట్టెలో పిల్లను చూపించినట్టు
గొంతు తగ్గించి అన్నాడు.
చెవి పెట్టమన్నాడు.
పెట్టాను.
లోపల, చాలా దూరంలో,
ఎవరో జొన్నలు చెరుగుతున్నారు.

కాంటా విప్పాను.
కత్తి అంచున ఎండి గట్టిపడ్డ నేరేడు రసం.
నూట ఎనభై గ్రాముల అబద్ధం.
గీకి, తుడిచి, చుక్క నూనె వేసి
ఐదు కిలోల రాయి పెట్టాను.
ముల్లు వణికి వణికి
నిజం దగ్గరికొచ్చి ఆగింది.

కూలితో పాటు నిరుటి సీసా ఒకటి చేతిలో పెట్టాడు.
దానికి ముందు గ్లాసులో రెండు వేళ్ల ఎత్తు పోసి
"ఆధీ వాస్ ఘ్యా, కాకా" అన్నాడు.
ముందు వాసన చూడాలట.
చూశాను.
ముప్పై ఏళ్ల కారం గోడకు తగిలి
ఆ వచ్చిందేదో
గడప బయటి నుంచే మళ్లిపోయింది.
వాడు నా మొహం కేసి చూస్తున్నాడు,
పరీక్ష రాసినవాడు పంతుల్ని చూసినట్టు.
"మస్తుంది" అన్నాను.
నా చేత్తో నేను
తప్పు తూకం చెప్పడం అదే మొదలు.

ఇంటి దగ్గర సాయవ్వ
సీసాను దీపం ముందు పెట్టి తిప్పింది.
"కల్లు గాదు, సారా గాదు, మరేంది?"
"మధ్యల ఉండేది."
కాంటా మరను బిరడాలోకి దించి లాగాను.
నీళ్లు తాగే స్టీలు గ్లాసులే,
జొన్న రొట్టె, పల్లీల పొడి.

ఎవరూ చెప్పకుండానే
గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది.
"ఏమొస్తుంది?" అన్నాను.
"ఆగు."
కళ్లు మూసుకుంది.
"సిరా. బడిల దవాత్ ఒలికితే వచ్చే వాసన."
ఇంకోసారి పీల్చి,
"గోదారిల బట్టలు ఉతికినంక
రాయి ఎండుతది సూడు, అది."
ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.
రొట్టె చల్లారిపోయింది.
"మా మేనత్త సందూక" అంది చివరికి,
"మీద చీరెలు, అడుగున
ఎవ్వలికి తెల్వకుంట దాసిన బెల్లం."

అప్పుడు తాగాను.
వగరు నాలుక అంచుల్ని పట్టుకుంది.
నాలుక ఇంకా నాదే.
ఆమె చెప్పినవి ఒక్కొక్కటే వచ్చి
దాని మీద కూర్చున్నాయి:
సిరా, తడి రాయి,
నేనెన్నడూ చూడని ఒక ముసలమ్మ పెట్టె.
ముక్కు అరువు తెచ్చుకుని తాగితే
ఇంత దూరం పోవచ్చని తెలియదు.

రెండో గ్లాసుకు
నాలుకలు బయట పెట్టి చూసుకున్నాం,
ఊదా రంగు, దొంగతనంగా చెట్టెక్కిన పిల్లల్లా.
అరవై దాటిన మొహాలతో.

బాసర వైపు బండి వెళ్లిన చప్పుడు ఆగాక
ఆమె మెల్లగా అడిగింది:
"మరి నా వాసన?
అది గూడ తెల్వదా?"

జవాబు తయారుగానే ఉంది,
మధ్యాహ్నం ఆ కుర్రవాడికి చెప్పినట్టే.
ముల్లు కొంచెం ఊగింది.

"తెల్వదు" అన్నాను.

ఆమె నవ్వలేదు, నొచ్చుకోలేదు.
తన గ్లాసులోది కొంత నా గ్లాసులోకి వంచి
రెండూ పక్కపక్కన పెట్టి
సమానమేనా అని వంగి చూసింది.
నాది ఒక వేలు ఎక్కువుంది.
ఆమెకు కనపడలేదో, కనపడే ఊరుకుందో.
నేను చెప్పలేదు.