మిగిలిన ఆయుష్షు

అప్పు తీరిందంటే ఎవరైనా ఊపిరి పీల్చుకుంటారు.
నెబ్రాస్కా పడమటి కొసన, బోనెట్ ఫోర్క్‌లో
ఇరవై నాలుగు తలుపుల వెనక జనం
వేళ్లు మడిచి లెక్క పెట్టుకుంటున్నారు:
ఇంకా పద్నాలుగు వాయిదాలు.
అవి కట్టేస్తే అప్పు తీరిపోతుంది.

అప్పు వాళ్లది కాదు.
యాభై ఏళ్ల కిందట సర్కారు
కలప అడితి ఆసామి ఒకాయనకి
ఒక్క శాతం వడ్డీకి డబ్బిచ్చి
ఒక్క మాట పుచ్చుకుంది:
బాకీ ఉన్నన్నాళ్లూ
పది డాలర్లు సంపాదించేవాడి దగ్గర
అద్దె మూడుకి మించకూడదని.
ఈ కప్పు ఆ మాట మీద నిలబడింది.
గోడల సంగతి నేను చూశాను కదా,
వాటి వల్ల మాత్రం కాదు.

నా పని చిన్నది.
మంచు గీకిన రోడ్డు మీద నూటపది మైళ్లు వచ్చి
టేపు సాచి కొలవడం, రాసుకోవడం.
నిధి కావాలంటే ఫారం నింపాలి.
ఫారంలో ప్రతి వస్తువుకీ ఒక గడి,
'మిగిలిన ఆయుష్షు' అని.
కప్పు: నాలుగేళ్లు.
బాయిలర్: ఒక చలికాలం, అదీ దాని దయ.
కిటికీలు: సున్న.

ఏడో నంబరులో వెర్లీన్ స్టూకల్.
ముప్పై ఒక్క ఏళ్లు బడి బస్సు నడిపింది.
కిటికీ సందుల్లో రొట్టె సంచులు కుక్కింది.
ఎప్పుడో మూతపడిన బేకరీ పేరు
వాటి మీద ఇంకా ఎర్రగా ఉంది.
"పీకకు నాయనా, అవి మళ్లీ దొరకవు" అంది.
పీకలేదు.
టేపు గాలిలోనే పట్టుకుని కొలిచాను.

పన్నెండులో ఇలారియో.
చక్కెర దుంపల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు,
పగటి నిద్రకి కిటికీ నిండా దుప్పటి.
కూతురు తలుపు తీసి పెదవుల మీద వేలుంచింది.
మునివేళ్ల మీద నడిచి వెళ్లి
నీళ్ల హీటరు చూపించింది.
"ఆరు నిమిషాలొస్తాయి వేడినీళ్లు.
నాన్నకి నాలుగు, నాకు రెండు."
ఫారంలో దానికి గడి లేదు.
అంచున పెన్సిలుతో రాసుకున్నాను.

ఆసామి మనవడు ఒర్రిన్ చెడ్డవాడేం కాదు.
నాకోసం నిచ్చెన పట్టుకున్నాడు,
చేతి తొడుగులు కూడా ఇచ్చాడు.
"మాటిచ్చింది మా తాత.
పద్నాలుగు నెలలు పోతే కాగితం నాది" అన్నాడు.
కిందికి చూస్తూ కాసేపటికి,
"ఇదే అద్దెకి నడిపేవాళ్లు కొంటానంటే
వచ్చే మంచు దాకా ఆగుతాను."

రాజధానిలో ఒక బల్ల ఉంది.
రాష్ట్రమంతటికీ కలిపి ఒకటే గిన్నె,
చుట్టూ ఎన్నో గరిటెలు.
నగరాల దరఖాస్తుల్లో వందల గుమ్మాలు.
ఇరవై నాలుగంటే అక్కడ ఒక అంతస్తు.
ఇక్కడ
బడిలో తొమ్మిది మంది పిల్లలు,
నిప్పంటుకుంటే పరుగెత్తే ఇద్దరు,
కిరాణా కొట్టు గల్లాపెట్టె దగ్గర ఒకామె.
బస్టాపు దగ్గరుంటే ఐదు మార్కులట.
ఈ ఊళ్లో తిరిగింది ఒకే ఒక్క బస్సు, పసుప్పచ్చది.
దాన్ని నడిపినామెకి ఇప్పుడు
మోకాళ్లు బ్రేకు దాకా వంగవు.
ఐదుకి ఎన్ని వెయ్యమంటారు?

వెళ్తుంటే వెర్లీన్ గుమ్మంలోకి వచ్చింది.
"కిటికీలకేం రాశావు?"
"సున్న."
"పాడుమాట! ఇన్నేళ్లూ గాలిని ఆపింది ఎవరు మరి?"
"సున్న రాస్తేనే డబ్బొస్తుంది."
ఒక్క క్షణం ఆలోచించింది.
"అలాగైతే రెండు పెట్టు."

పెట్రోలు పోయించుకుంటుంటే
తపాలా ట్రక్కు ఎదురుగా ఆగింది.
ఒర్రిన్ కవరు ఒకటి అందించి
తొడుగుల్లేని చేతుల్ని నోటితో ఊదుకున్నాడు.
అతని తొడుగులు నా చేతులకే ఉండిపోయాయి.
ఇవాళ ఒకటో తారీఖు.

పదమూడు.