రెండు సాళ్ళు

పొద్దున్నే లేచి నేను ముందు చూసేది
ఆకాశం కాదు, మట్టి.
గట్టు పక్కన కొత్తగా పోసిన కుప్ప
ఇంకా తడిగా ఉంటే
రాత్రి షిఫ్టు ఇప్పుడే దిగిందని అర్థం.

పద్మనాభం దాటాక, గోస్తనీ వైపు
ముప్ఫై సెంట్లు నాది.
చిలగడదుంప, కాస్త వేరుశనగ, ఒక మోటారు గది.
గది గచ్చు కింద పందికొక్కులు.
ఒక మూల అప్పుడే కుంగింది.

"పందికొక్కులకి మర్యాదలేటి బావా?
తగరపువలసలో మాత్రలు దొరుకుతాయి.
కన్నాల్లో ఎయ్యి, మట్టి కప్పు, తొంగో"
అన్నాడు దాలినాయుడు.

పోయినేడు వేశాను.
నాలుగో రోజు గది వెనక
రెక్కలు పరుచుకుని పడుంది గుడ్లగూబ.
కాళ్ళ దగ్గర సగం తిన్న పిల్ల,
తెల్లటి చేట మొహం మీద చీమలు.
ఎలకల్ని నాకన్నా బాగా పట్టేదాన్ని
నేనే చంపుకున్నాను.

ఈ ఏడు బోను చేశాను.
పాత మంచం పట్టీలు, కోళ్ళ జాలీ,
ఎరకి కాల్చిన నెత్తళ్ళు.
మూడో రాత్రి తలుపు పడింది.
టార్చి వేస్తే
నిక్కబొడుచుకున్న వెంట్రుకలు, గుర్రుమనే గొంతు.
పంది పేరు ఊరికే రాలేదు.
ఏటి అవతల తుప్పల్లో వదులుదామని
మోపెడ్ వెనక కట్టాను కూడా.
అప్పుడు కనిపించాయి పొట్ట కింద
పాలతో ఉబ్బిన చన్నులు.

ఇంజను ఆపాను.
గచ్చు కింద చేతికందని చీకట్లో
కళ్ళు తెరవనివి ఎన్నో.

పోర్టులో ముప్ఫయ్యొక్క ఏళ్ళు
డ్రెడ్జరు మీద పనిచేశాను.
ఓడలు రావాలని సముద్రం అడుగు తవ్వేవాళ్ళం.
ఏటా అది ఇసక తెచ్చి పూడ్చేది.
మళ్ళీ తవ్వేవాళ్ళం.
తిట్టుకున్నాం గానీ
సముద్రానికి ఎవరం మందు పెట్టలేదు.

కన్నం దగ్గరే బోను తలుపెత్తాను.
వెనక్కి తిరిగి చూడలేదు అది.
చూస్తుందనుకోవడం నా పిచ్చి.

నెల ఆగి, పిల్లలు బయట తిరగడం మొదలెట్టాక
గచ్చు పగలగొట్టి, కింద జాలీ పరిచి,
మళ్ళీ పోయించాను.
ఒక వాసం పాతి అడ్డకర్ర కట్టాను,
ఏ గూబైనా వచ్చి కూర్చుంటుందని.
గట్టు వారన రెండు సాళ్ళ దుంప
తవ్వకుండా వదిలేశాను.

దాలినాయుడు చూసి నవ్వాడు:
"ఆటికి పట్టా రాసిచ్చీసినావేటి?"
ఇవ్వలేదు. అవి అడగలేదు కూడా.

నిన్న మూడో సాలులోనూ ఒక దుంప కొరికి ఉంది.
కొరికినంత మేర కోసేసి
మిగిలింది ఉడకేసుకున్నాను.
వాసం మీద ఇంకా ఎవరూ వాలలేదు.